వీపు చూసిన సాక్షి

పిలిచేదాకా బయటికి రావద్దన్నారు. సబ్‌జైలు గుమాస్తా కిటికీ రెక్కలు దగ్గరగా లాగి, “లోపల మనుషుల్ని వరసలో నిలబెడుతున్నారండి, ముందుగా మీ కంట పడకూడదు, మేజిస్ట్రేటు గారి ఆర్డరు” అని చెప్పి తలుపు చేరవేసి పోయాడు. సుబ్రహ్మణ్యం బల్ల మీద కూర్చున్నాడు. కంట పడకూడదట! భార్య పద్మావతి పోయినప్పటినుంచీ ఈ కంట పడిందేముంది, కంట్లోంచి పడటమే గాని, అని ఒక మాట నాలిక చివరికి వచ్చేసింది. ఛీ, ఇక్కడ కూడానా, ఇప్పుడు కూడానా, అని తన నోటిని తనే లోపల్నించి ఒక్కటి వేశాడు. కానీ ఆ నోరు అలాంటిది. తూనికలు కొలతల శాఖలో ఉద్యోగం మీద కాకినాడ నుంచి హైదరాబాదు వచ్చి, కొండాపూర్లో స్థలం కొనుక్కుని, ఇల్లు లేపి, కాలనీ సంఘానికి కార్యదర్శి అయినవాడికి ఆ పదవి తెచ్చిపెట్టింది బుర్ర కాదు, నోరే. మాట మీద మాట వేస్తాడు, పదాన్ని పక్కకి వంచి పకపకలాడిస్తాడు, శవం లేచిన ఇంట్లో కూడా ఎవడో ఒకణ్ణి నవ్వించి వస్తాడు. తన ఇంట్లోంచే శవం లేచిన రోజున మాత్రం నవ్వేవాళ్ళు దొరకలేదు, నోరు ఆగనూ లేదు. ‘గొలుసుకట్టు సంసారమర్రా మాది, గొలుసు తెగింది, సంసారమూ తెగింది’ అన్నాడట ఎవరితోనో. వచ్చినవాళ్ళు మొహాలు తిప్పుకున్నారట.

అగ్నిసాక్షిగా కట్టిన పుస్తెలకి ఇప్పుడు మనిషి సాక్ష్యం కావలసి వచ్చింది. అగ్ని అయితే అబద్ధం చెప్పదు, దానికి మతిమరుపూ లేదు. ఈ మనిషికి ఏం గుర్తుంది? గుర్తుంది, ఎందుకు లేదు. తెల్లవారి నడక, కొత్తగా పోసిన తారు వాసన, దూరాన మాదాపూర్ వైపు గుండ్రటి అద్దాల మేడ, దాని మీద పొద్దు. తను నాలుగడుగులు ముందు ఎప్పట్లాగే వాగుతూ, వెనక ఆమె ఎప్పట్లాగే ఊఁ కొడుతూ. ‘ఇది హైటెక్ సిటీ కాదే పద్మా, హై టెక్కు సిటీ. ఆ టెక్కు చూడు, బస్తీలో కుళాయికి దిక్కు లేదు, ఇక్కడ గోడలన్నిటికీ అద్దాలు’ అంటున్నాడు. ఊఁ రాలేదు. బండి చప్పుడు వచ్చింది. తిరిగేసరికి దుమ్ము, దుమ్ములో ఒక చెయ్యి, చేతిలో మెరిసిపోతున్న పచ్చటి గీత, బండి మీద వెనక కూర్చున్నవాడి వీపు, ఆ వీపు మీద గాలికి బుడగలా ఉబ్బిన చొక్కా. అంతే. ఆమె వెల్లకిలా పడి ఉంది, రోడ్డంచున పేర్చిన గ్రానైటు పలక మీద తల. మెడ చుట్టూ ఎర్రటి గీత. ఆసుపత్రిలో ఆ గీత మానింది, తల మానలేదు. సరే, వీపు గుర్తుంది, చెయ్యి గుర్తుంది, మరి మొహం? మొహమూ ఉంది. కళ్ళు మూసుకుంటే చాలు, ఇదిగో, వచ్చేస్తుంది, తిన్నగా ఎదురుగా, కదలకుండా, నోరు బిగించి, రెప్ప వాల్చకుండా, వెనకాల ఏదో నీలం రంగు. అదే పొద్దుట్నుంచీ పంటి కింద పలుకురాయిలా తగులుతున్నది. వాడు వెనక్కి తిరగలేదు కదా. వీపు చూపించి పోయినవాడి మొహం తనకి ఎదురుగా ఎక్కడ దొరికింది?

దొరికింది స్టేషన్లో. కర్మకాండ అయ్యాక ఎస్సై వెంకటనారాయణ కబురు పెడితే వెళ్ళాడు. బల్ల మీద పేకముక్కల్లా ఫోటోలు పరిచి ఉన్నాయి, అన్నీ అగ్గిపెట్టె బిళ్ళంతవి. “నిదానంగా చూడండి సార్, చుట్టుపక్కల బస్తీలవాళ్ళు చాలామంది ఇందులోనే ఉన్నారు” అన్నాడు ఎస్సై. మొహం, ఇంకో మొహం, మరో మొహం. చూపు జారిపోతున్నది, అన్నీ ఒక్కలాగే బిక్కుబిక్కుమంటూ గుడ్లు మిటకరించి చూస్తున్నాయి. ఉన్నట్టుండి ఒకదాని దగ్గర గుండె దభీమన్నది. అలంకారానికి అనడం కాదు, నిజంగానే దభీమన్నది, కుర్చీ చెయ్యి పట్టుకోవలసి వచ్చింది, కళ్ళనీళ్ళు గిర్రున తిరిగాయి. ‘వీడేనండీ, వీణ్ణి నేను చూశాను, వీడే’ అన్నాడు. ‘గ్యారంటీనా సార్?’ ‘నా ప్రాణం చెబుతోందయ్యా!’ ఎస్సై ఫోటో తిప్పి వెనక పేరు చదివాడు. వీరేశం. ఒకప్పుడు రాళ్ళ క్వారీలో కూలి, ఇప్పుడు నిజాంపేటలో హాస్టళ్ళ నీళ్ళమోటార్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడట, పెళ్ళాం అంజమ్మ, ఒక చంటిపిల్ల. వెంటనే పట్టుకొచ్చారు, రెండో రోజుకి ఒప్పుకున్నాడన్నారు. ఒప్పుకున్నాడో, ఒప్పించారో, ఒళ్ళప్పగించాడో సుబ్రహ్మణ్యం అడగలేదు. పోలీసులకి పోలికలు చెప్పడం వరకే మన వంతు. బండి నడిపినవాడు దొరకలేదు, గొలుసు దొరకలేదు, కేసంతా ఇప్పుడు తను గుర్తుపట్టడం మీదే నిలబడి ఉంది. ఇవాళ వరసలోంచి వీరేశాన్ని చూపించాడా, ప్రాణం పోయిన కేసు కాబట్టి వాడి బతుకు మొత్తం లోపలే. చూపించలేదా, కేసు గాలికి పోతుంది. “కాలనీ అంతా మీవైపే చూస్తోంది సార్. స్టేషన్లో చూపించినవాణ్ణే ఇక్కడా చూపించండి, అంతే” అని జీపులో వస్తూ చెప్పాడు ఎస్సై. చూపిస్తాడు. ఎందుకు చూపించడు? మొహం సంగతి ఎలా ఉన్నా గుండె దభీమన్నది కదా, గుండెకి దొంగసాక్ష్యం చెప్పాల్సిన అవసరమేమిటి?

గోడ అవతల్నించి జవాను గొంతు వినిపిస్తున్నది. “అరే లంబూ, జర వంగి నిలబడు! నువ్వు గడ్డపోడివి, నువ్వెందుకు వచ్చినవ్‌రా, పో అవుతలికి!” ఒడ్డూ పొడుగూ సరిచూస్తున్నారు, తన శాఖలో తూకపురాళ్ళని పక్కపక్కన పెట్టి సరిచూసినట్టు. ఒక్క అసలు దొంగకి తోడు ఇంతమంది అరువు దొంగలు. వాళ్ళంతా ఏం చేసి వచ్చారో, ఏ మోటారు ఎత్తుకుపోయారో. మోటారు అనగానే ఎక్కడికి పోయింది మనసు? పోయిన ఏడాది ఎండాకాలానికి పోయింది. కొండాపూర్! కొండల్ని మందు పెట్టి పేల్చారు, పూరిళ్ళని నోటీసు పెట్టి లేపారు, కొండలూ పోయి పూరిళ్ళూ పోయి కొండాపూర్ ఒక్కటీ మిగిలిందని వినాయకచవితి సభలో తనే అంటే చప్పట్లు కొట్టారు జనం. క్వారీలు మూసేశాక ఆ రాళ్ళు కొట్టే చేతులన్నీ ఖాళీ అయ్యాయి. ఖాళీ చేతులు ఖాళీగా ఉంటాయా, కాలనీలో బోరుమోటార్లు మాయం, సైకిళ్ళు మాయం, గ్యాసుబండలు మాయం. కాలనీ హాల్లో అప్పటికే ప్రభుత్వం వాళ్ళ స్కీము కింద మోటారు వైండింగ్, కాలిన మోటార్లకి మళ్ళీ తీగ చుట్టే పని, నేర్పుతున్నారు, బస్తీవాళ్ళకి. రిటైరైన హెడ్మిస్ట్రెస్ భ్రమరాంబ గారు ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చిన స్కీము అది. గోవిందప్ప ఇంట్లో బీరువా పగిలిన మర్నాడు అదే హాల్లో మీటింగు. గోవిందప్పది కదిరి దగ్గర, ఇక్కడ ప్లాట్ల వ్యాపారం, గొంతు వినిపించడానికి మైకు అక్కర్లేదు.

“ఏం సామీ, ఎన్ని దినాలు ఈ సోద్యం? ఒగని చెయ్యి నడిబజార్లో నరికితే పదిమంది చేతులు జోబీలో పెట్టుకుంటారు. చట్టమంటే బయముండల్ల. మా పక్క అట్లనే.”

“మీ పక్క ఇంకా నరుక్కోవడం ఆగినట్టు లేదుగా గోవిందప్ప గారూ” అన్నది భ్రమరాంబ గారు. “పని నేర్పండయ్యా. పని ఉన్నవాడికి పక్కవాడి గోడ దూకే తీరిక ఉండదు.”

“నేర్పితే ఏమైతాది టీచరమ్మా? మోటరు బిగించేది నేర్చినోనికి విప్పేది గూడా వస్తాది. మన హాల్లో నేర్చి మన మోటర్లే ఎత్తుకపాయ!”

హాలంతా గొల్లుమంది. ఇక సుబ్రహ్మణ్యం లేచాడు. లేచాక కూర్చోవడం ఎప్పుడు తెలుసు గనక? చట్టం అందరికీ చుట్టమేనన్నాడు, కాకపోతే మనిళ్ళకి చుట్టపుచూపుగా వస్తుంది, బస్తీకి కాపురానికే వస్తుంది అన్నాడు. దాన్ని గట్టి చెయ్యడం మన చేతిలో లేదు, మన చేతిలో ఉన్నది హాలు, హాలిస్తే పోలీసు అవుట్‌పోస్టు పెడతామంటున్నారు, హాలిద్దాం, హాయిగా నిద్రపోదాం అన్నాడు. చప్పట్లు. అప్పుడే కరెంటు పోయింది. చీకట్లో గుమ్మం దగ్గర్నించి ఒక గొంతు, వెనక వీధి వెలుతురుకి మనిషి ఆకారమే తప్ప మొహం లేదు. “సార్, జర మూన్నెల్లు ఆగుండ్రి సార్. సగం నేర్సుకున్నం. సగం పని అచ్చినోన్ని ఎవ్వడు వెట్టుకోడు. గటు రాళ్ళు కొట్టేటందుకు క్వారీ లేకపాయె, గిటు మోటరు సుట్టరాకపాయె. ఏడికి వోవాలె మేము?” ఆ చీకట్లోకి ఈ నోరు, ఆగని ఈ నోరు, ఊరుకుంటే తుప్పు పడుతుందన్నట్టు, ‘నీ వైండింగ్ సగంలో ఉంటే నేనేం చెయ్యను బాబూ, మా మీటింగు వైండప్ అయిపోయింది’ అనేసింది. చీకటి చీకటంతా నవ్వింది. కరెంటు వచ్చేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ పద్మావతి, “బానే నవ్వించారు. వాళ్ళలో ఎవరన్నా నవ్వారా?” అని అడిగింది. ‘చీకట్లో ఎవరు నవ్వారో ఎవరికి తెలుసే?’ అన్నాడు. “నాకు తెలుసు. నేను గుమ్మం పక్కనే కూర్చున్నాను” అని ఇంకో గరిటె పులుసు పోసి లోపలికి పోయింది.

అవుట్‌పోస్టు వచ్చింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు, ఒక బెంచీ, గోడకి టోపీలు. నిద్ర హాయిగానే పట్టింది కొన్నాళ్ళు, ముఖ్యంగా కానిస్టేబుళ్ళకి. పద్మావతి పడిపోయిన ఉదయం ఆమెని ఎత్తుకుని ముందు పరిగెత్తింది ఆ హాలుకే. తాళం వేసి ఉంది. అద్దాల మేడ చూడటానికి విదేశం నుంచి ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని ఉన్న పోలీసులందర్నీ ఆ రోడ్డు పొడుగునా నిలబెట్టారు, కాలనీకి కాపలా తాళం ఒక్కటే. పరామర్శకి వచ్చిన గోవిందప్ప ఏడ్చాడు, నిజంగానే ఏడ్చాడు, తువ్వాలు తడిసేలా. “నేను చెప్పలే సామీ? ఉరి వెయ్యల్ల నాకొడుకుల్ని” అన్నాడు. భ్రమరాంబ గారు వెళ్తూ వెళ్తూ హాలు వైపు ఒక్కసారి చూసింది. లాఠీయా, పాఠమా, ఉరితాడా? నేర్పడం ఆపేశాం, నేరం ఆగలేదు. కానీ నేర్పితే ఆగేదా? ఆ బండి మీద పోయినవాడు రాళ్ళు కొట్టే మనిషేనని ఎవడు చెప్పాడు, వాడి బండి వాటం చూస్తే ఏ పూటా పస్తున్నవాడిలా లేడే. లాఠీ ఆ రోజు రోడ్డు మీద ఉండవలసింది, ఇంకెవరి రోడ్డు మీదో ఉంది. ఉరితాడు ఇదిగో ఇప్పుడు సిద్ధంగా ఉంది, మెడ చూపించమంటున్నది. ఇరవై ఏళ్ళుగా త్రాసుల మీద ముద్రలు కొట్టిన చెయ్యి ఇది. త్రాసుకి రెండే పళ్ళేలు, ఈ తగువుకి మూడు. ముల్లు ఎటు చూస్తుందో ఎవడు చెప్పగలడు? దేన్ని పెట్టినా ఒక పళ్ళెంలో మటుకు పద్మావతి ఉంది, అది లేవదు.

తలుపు కిర్రుమంది. గుమాస్తా. “ఇంకొంచెం సేపండి, ఒకడికి కంటి మీద వాపుంది, ఆ గుర్తు తెలియకుండా అందరికీ కన్ను దగ్గర దూది అంటిస్తున్నారు. మంచినీళ్ళు తాగుతారా?” కుండ దగ్గర వంగాడు. వంగితే మెడ వెనక కాలరు కనిపించింది, మడత దగ్గర అరిగి పోగులు లేచిపోయి, దుమ్ము పట్టిన గడ్డిపరకల్లా. పద్మావతి చూస్తే ఊరుకునేది కాదు, ఆ చొక్కా ఇలా ఇచ్చి ఓ పావుగంట కూర్చో బాబూ అనేది. బ్లేడుతో కాలరు కుట్టు విప్పి, అరిగిన వైపు లోపలికీ, అరగని వైపు పైకీ తిరగేసి మళ్ళీ కుట్టేది, చొక్కాకి ఇంకో రెండేళ్ళు ఆయుష్షు. తనవన్నీ అంతే. “మాట్లాడేటప్పుడు ఆ మెడ తిప్పడం తగ్గించండి, కాలరు ఇంకో ఏడాది ఎక్కువొస్తుంది” అనేది. ‘లోకంలో కాలరెగరేసేవాళ్ళని చూశాను గాని కాలరు తిరగేసేదాన్ని నిన్నే చూశానే’ అంటే సూది నోట్లో పెట్టుకునే నవ్వేది, గుచ్చుకుంటుందే అని తను భయపడేవాడు. ఒకసారి తెల్ల టెర్లిన్ చొక్కాకి తెల్లదారం అయిపోయి లేతనీలం దారంతో కుట్టేసింది. కాలరు కుడి కొస దగ్గర నాలుగు నీలం కుట్లు, చీమలు బారు తీరినట్టు. అది వేసుకుని ఆఫీసుకి పోతే ఎవరూ గమనించలేదు, తనకి మాత్రం అద్దంలో అవే కనిపించేవి. ఆ చొక్కా ఏమైంది? ఆమె పోయాక బీరువా అంతా తిరగేశాడు దానికోసం, ఎందుకో ఒక్కసారి చేత్తో తడమాలనిపించి. లేదు. ఎవరికిచ్చింది? ఎవరికో ఇచ్చింది, చెప్పింది కూడాను, తను పేపరు చదువుతున్నాడు, ఆ పూట ఊఁ కొట్టడం తన వంతు. “హాల్లో ఫోటోలు తీస్తున్నారండీ, వైండింగ్ వాళ్ళకి సర్టిఫికెట్ల మీద అంటించడానికి. అందరూ ఉన్నంతలో మంచిబట్టలతో వచ్చారు. పాపం ఒకతను రాతిదుమ్ము బనీనుతో వచ్చి గోడ పక్కన నక్కి నిలబడ్డాడు, ఫోటో వద్దులే అమ్మా అంటాడు. ఇంటికొచ్చి మీ తెల్లచొక్కా పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆ నీలం గోడ ముందు నిలబడితే ఎంత బావున్నాడనుకున్నారు!”

నీలం గోడ.

హాలుకి నీలం రంగు వేయించింది తనే. ‘బస్తీల ఫోటోలు మాకు ఎక్కడ దొరుకుతాయి సార్ మామూలుగా, మీ హాలు బీరువాలోనే కట్ట కట్టి ఉన్నాయి, మాకు శ్రమ తప్పింది’ అన్నాడు వెంకటనారాయణ, అన్నాడు, ఆ రోజే అన్నాడు, చెవిలో పడింది, మనసులో పడలేదు. పని నేర్చుకోవడానికి తీయించుకున్న ఫోటోలన్నీ దొంగల వరసలో పరిచారు. పరిస్తే తను చూసింది ఏమిటి? అగ్గిపెట్టె బిళ్ళంత బొమ్మలో తన కళ్ళు ఆగింది ఎక్కడ? మొహం మీద కాదు. మెడ దగ్గర. కుడి కొసన నాలుగు చీమలు. కిరాణా కొట్టువాడు పళ్ళెం అడుగున చింతపండు ముద్ద అంటిస్తాడు, ముల్లు నిక్కచ్చిగా నిలబడుతుంది, చూసేవాడికి అంతా సరిగ్గానే ఉంటుంది, పళ్ళెం తిరగేస్తే తప్ప తెలీదు. ఇరవై ఏళ్ళుగా ఎన్ని పళ్ళేలు తిరగేశాడో! ఇవాళ తిరగేస్తే తన గుండె అడుగున అంటుకుని ఉన్నది పద్మావతి కుట్టు. దభీమన్నది దొంగని చూసి కాదు. పెళ్ళాన్ని చూసి. చూశాను, ఎరుగుదును, నా ప్రాణం చెబుతోంది అని అరిచింది ఆమె చేతిపనిని చూసి, వేలు పెట్టింది ఆ చొక్కాలో నిలబడ్డ మనిషి మీద. వాడి మొహం తను చూడనే లేదు, ఆ రోజూ చూడలేదు, ఆ చీకట్లో గుమ్మం దగ్గర నిలబడి మూన్నెల్లు ఆగమన్నవాడు వాడేనేమో, అప్పుడూ చూడలేదు. పోయి చెప్పాలి. ఎవరికి? ఎస్సైని లోపలికి రానివ్వరు, తనని బయటికి పోనివ్వరు. అక్కర్లేదు, చెప్పనే అక్కర్లేదు. లోపలికి పోయి, వరస చివరిదాకా నడిచి, లేరండీ అని ఒక్క మాట అని బయటపడితే చాలు, వీరేశం పెళ్ళాం దగ్గరికి పోతాడు. జన్మలో మొదటిసారి నోరు మూసుకోవడం ఒక్కటే పని. మరి ఆ తర్వాత? ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుంటే తిట్టుకోవడానికి ఒక మొహం ఉండేది, రాత్రిళ్ళు దాన్ని నరికి నరికి నిద్రపోయేవాడు. దాన్ని వదిలేస్తే మిగిలేది ఒక వీపు. గాలికి ఉబ్బిన చొక్కా. ఎన్నాళ్ళు పిలిచినా వెనక్కి తిరగదు అది.

“రండి సార్” అన్నాడు గుమాస్తా.

ఎండ మొహాన కొట్టింది. నాలుగు పక్కలా గోడలు, నడుమ మట్టి, ఒక గోడ వెంబడి మనుషులు. అందరి భుజాల మీదా బూడిదరంగు దుప్పట్లు, అందరి కళ్ళ దగ్గరా దూది. మేజిస్ట్రేటు చిన్నవాడు, మర్యాదస్తుడు. “ఎవరితోనూ మాట్లాడకూడదండి. నిదానంగా ఒకసారి నడవండి. ఆ మనిషి ఉంటే చూపించండి, లేకపోతే లేడని చెప్పండి. అంతే.” సుబ్రహ్మణ్యం నడిచాడు. ఒక మొహం, ఇంకో మొహం. వీళ్ళలో వీరేశం ఎవరో తనకి తెలియడం లేదు. నిజంగానే తెలియడం లేదు. బతుకంతా జైల్లో పెట్టించబోయినవాణ్ణి పక్కన నిలబెట్టినా పోల్చుకోలేకపోతున్నాడు. ఒకడు నేల చూస్తున్నాడు, ఒకడు ఆవలిస్తున్నాడు, ఒకడి పెదవులు ఏదో జపిస్తున్నాయి. దుప్పట్ల మీంచి మెడలు చూస్తూ నడిచాడు, మెడలకి పేర్లుండవు. వరస అయిపోయింది. అమ్మయ్య. మేజిస్ట్రేటు వైపు తిరిగాడు, లేరండీ అనడానికి గాలి పీల్చుకున్నాడు.

“సార్! కొండాపూర్ సార్! మీరా సార్?”

వెనకనుంచి. చీకటి హాల్లో విన్న గొంతు. తిరిగి చూస్తే ఒకడు వరస విడిచి అడుగు ముందుకి వేశాడు, దూది కింద కన్ను వాచి మూసుకుపోయి ఉంది, చేతివేళ్ళకి గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి, రెండో కన్ను మాత్రం దీపంలా వెలుగుతున్నది. “అమ్మ పంపిందా సార్? నాకెరుకే, అమ్మకు తెలిస్తే ఊకోదని. ఎవరో ఆడామెను సంపిన్నంటున్రు సార్, నాకేం ఎరుక లేదు, నాకు సొక్క ఇచ్చిన అమ్మను అడుగుండ్రని జెప్పిన, ఇంటలేరు.”

“నోర్ముయ్ బే!” అని జవాను ఉరికాడు.

మూసుకోవాలి. వాడు కాదు, తను. చెవుడు వచ్చినట్టు తల తిప్పుకుని లేరండీ అంటే ఇప్పటికీ సరిపోతుంది. కానీ ఆ ఒంటికన్ను ఎదురుచూస్తున్నది, అందులో పద్మావతి ఇంకా బతికే ఉంది, ఆ ఒక్కచోటే బతికి ఉంది. సుబ్రహ్మణ్యం నోరు తెరుచుకుంది. వంకర లేని మాట, చమత్కారం లేని మాట, తనకే కొత్తగా వినిపించిన మాట. “అవునయ్యా. అమ్మే పంపింది.”

మేజిస్ట్రేటు కలం ఆగింది. “ఏమిటండీ ఇది? మాట్లాడకూడదని చెప్పానా లేదా? మీరిద్దరూ ఒకరికొకరు తెలుసా?” సుబ్రహ్మణ్యం గడగడా చెప్పబోయాడు, చొక్కా అన్నాడు, కాలరన్నాడు, నీలం దారం అన్నాడు, వీడు కాదండీ అన్నాడు, నేను చూసింది వీపేనండీ అన్నాడు. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఎవరికీ అర్థం కాకుండా పోయాయి. మేజిస్ట్రేటు చెయ్యెత్తి ఆపాడు. “చెప్పవలసింది కోర్టులో చెప్పండి. ఈ గుర్తింపు పరేడ్ చెల్లదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.” జవాను దుప్పటి పట్టి లాక్కుపోతుంటే వీరేశం వెనక్కి చూస్తూనే పోయాడు.

గేటు దగ్గర ఎస్సై వెంకటనారాయణ ఎదురొచ్చాడు, గుమాస్తా అప్పుడే చెవిలో ఊదినట్టున్నాడు, మొహం వికసించి ఉంది. “మిమ్మల్నీ మేడమ్‌నీ బాగా ఎరిగినవాడేనట కదా సార్! ఈ ముక్క ముందే చెప్పొద్దూ? మేడమ్ మెళ్ళో ఏముందో, ఏ వేళకి నడకకి వెళతారో తెలిసినవాడన్నమాట. పరేడ్ పోతే పోయింది లెండి, ఇది అంతకంటే గట్టిది. ఇక బెయిలు కూడా రాదు.”

“వాడు కాదయ్యా.”

“మీది జాలిగుండె సార్. పదండి, దింపేస్తాను.”

జీపు ఇంకా కదల్లేదు. గోడ అవతల్నించి గొంతులు వస్తున్నాయి, దుప్పట్లు తిరిగి ఇచ్చేస్తున్నారు కాబోలు. ఎవరో ఏదో అడిగారు, ఏమైందిరా అని. దానికి వీరేశం జవాబు స్పష్టంగా వినిపించింది, పండక్కి పుట్టింటివాళ్ళు వచ్చారని చెప్పుకునే మనిషి గొంతులా.

“మా సార్ అచ్చిండు. అమ్మ తోలిచ్చింది. ఇగ రేపో ఎల్లుండో నన్ను ఇడిచిపెడ్తరు.”